ఇంట్లో ఎవురూ లేరు

“నువ్వు గూడా రా సినిమాకు. హాలు నిండల్ల గదా,” అన్నాడు వీరేష్, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ.

చౌడేశ్వరి సరేనన్నట్టు తలూపింది. పెళ్ళాన్ని సినిమాకు పిలవడమంటే ఆ ఇంట్లో అదే. ఆమె ముందర విత్తనం కాయల రాశి ఉంది, ఒళ్ళో స్టీలు బేసిన్ ఉంది. బొటనవేలితో నొక్కితే వేరుశనగ కాయ టప్‌మని పగులుతుంది, పప్పులు బేసిన్‌లో రాలతాయి, పొట్టు పక్కకు పోతుంది, చెయ్యి మళ్ళీ రాశి మీదకు పోతుంది. వానలు మొదలయ్యే ముందు ఊళ్ళో ఏ ఇంటికి పోయినా ఇదే చప్పుడు. “మిషన్లో ఏస్తే పప్పు పగుల్తాది, మొలక రాదు. చేత్తో ఒలిచిందే విత్తనం,” అని ప్రతి ఏడూ వీరేష్ నలుగురికీ చెబుతాడు, ఒలిచే చెయ్యి తనదే అయినట్టు.

ఆ చేతి బొటనవేలికి స్పర్శ పోయి చాలా కాలమైంది. ఒకసారి పొయ్యి మీది గిన్నె దించుతుంటే వేలు కమిలిపోయింది గానీ ఆమెకు తెలియలేదు, వాసన వచ్చాకే చూసుకుంది. డాక్టరుకు చూపించుకుంటానంటే వీరేష్, “ఒలిచేకి వస్తాంది గదా, ఇంకేమి?” అన్నాడు. నిజమే, ఒలవడానికి వస్తూనే ఉంది. తర్వాత తర్వాత ఆ మొద్దుబారడం వేలి దగ్గర ఆగలేదని ఆమెకు అనుమానం మొదలైంది. అత్త నలుగురిలో తిట్టినా ఒకటే, పండగకు కొత్త చీర వచ్చినా ఒకటే. కూతురు హేమ హాస్టల్‌కు పోయిన రోజు బస్సు కదిలిపోయాక కళ్ళు తుడుచుకుందామని కొంగు ఎత్తితే కళ్ళు పొడిగా ఉన్నాయి. ఎత్తిన కొంగు ఊరికే దించడం బాగుండదని ముఖం తుడుచుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఊళ్ళోవాళ్ళు మాత్రం, “వీరేషు పెండ్లాం ఎంత నెమ్మదో, ఆ ఇంట్లో ఆమె ఉన్నట్లే తెలీదు,” అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు కూడా ఆమెకు ఎక్కడా తగిలేది కాదు.

సినిమా తీసింది మరిది తేజ. డిగ్రీ చదివి, ఉద్యోగాల కోసం తిరిగి తిరిగి, చివరికి స్నేహితులతో కలిసి ఫోన్లతోనే ఒక దయ్యం సినిమా తీశాడు. పేరు ‘దొరికిన ఫోను’. పాడుబడిన ఇంట్లోకి పోయిన కుర్రాళ్ళు మళ్ళీ కనిపించరు. వాళ్ళు తీసుకున్న వీడియో మాత్రం ఎవరికో దొరుకుతుంది. తెర మీద మనం చూసేది ఆ వీడియోనే. ఈ కథంతా విని అత్త తిప్పమ్మ, “పోగొట్టుకున్నోళ్ళ ఫోను వాళ్ళింట్లో ఇచ్చేసి రాకుండా సినిమా ఆడిస్తారేమిరా?” అని అడిగింది. తేజ నెత్తి కొట్టుకుని బయటికి పోయాడు.

పాడుబడిన ఇంటి కోసం మడకశిర చుట్టుపక్కలంతా తిరిగి, అద్దెలు విని బెదిరిపోయి, తేజ సొంత ఇంటినే పాడు పెట్టాడు. పోయిన ఏడాది సరిగ్గా ఇదే విత్తనం కాలంలో. గోడలకు బూడిద పూశారు, వసారా నిండా ఎండుటాకులు పోశారు. రాత్రిపూట తీస్తే లైట్లకు ఖర్చని, పట్టపగలే కిటికీలకూ తలుపులకూ గొర్రెబొచ్చు కంబళ్ళు కట్టి ఇంట్లో రాత్రిని తయారు చేశారు. సాయంత్రం వాళ్ళు ఫోన్లు సర్దుకుని పోతే ఆకులు ఊడ్చేది, బూడిద కడిగేది చౌడేశ్వరి. పొద్దున్నే వాళ్ళు మళ్ళీ పోసేవారు, మళ్ళీ పూసేవారు. మధ్యాహ్నం అందరికీ ఆమే సంగటి కెలికి, శెనక్కాయల చట్నీ నూరి పెట్టేది. తిన్నంతసేపు “వదినా, వదినా” అని చుట్టూ తిరిగే పిల్లలు, చేతులు కడుక్కోగానే, “వదినా, ఇంక చప్పుడు చేయద్దు, సౌండు రికార్డవతాండాది,” అనేవారు.

కానీ ఆ వారమే వాన పడింది. ఈ నేల మీద వాన పడడమే అపురూపం, పడిన పదును ఆరేలోపు విత్తనం నేలలో పడాలి. వీరేష్ పొద్దున మోటార్ల షాపుకు పోతూ, “సాయంత్రానికి విత్తనం కావల్ల,” అనేసి పోయేవాడు. ఒలిస్తే చప్పుడవుతుంది, ఒలవకపోతే పదును పోతుంది. ఆమె కాయల మూట, బేసిన్ తీసుకుని వంటింటి వెనక ఉన్న చిన్న గదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసుకుని, ఆ కంబళ్ళ చీకట్లోనే కూర్చుని ఒలిచింది. చీకటైతే ఏం, ఆ పనికి కళ్ళు అక్కర్లేదు. ఆ రోజు సంగతి ఆమెకు అప్పుడే మరుపున పడిపోయింది.

మడకశిర టాకీసులో మధ్యాహ్నం ఆట. మగవాళ్ళు ముందు వరుసల్లో, ఆడవాళ్ళు ఒక పక్కగా వెనక. చౌడేశ్వరి పక్కన వాళ్ళ వీధిలోనే బట్టలు కుట్టే షాజాదీ కూర్చుంది. ఆ వీధిలో ఆమెను పేరుతో పిలిచేది షాజాదీ ఒక్కతే. చౌడేశ్వరి రవిక కొలతలు టేపు లేకుండానే చెప్పగలిగేది కూడా ఆమే.

సినిమా మొదలవగానే హాలు హాలంతా ఈలలు. దయ్యానికి కాదు, తెలిసిన ముఖాలకు. “రేయ్, మన తేజగాడురో!” “ఆ అంగీ నాదిరా, ఇచ్చేయకుండానే సినిమాలో ఏసుకున్నాడు!” ఫోను చేతిలో పట్టుకుని పరుగెత్తడంతో తెరంతా ఊగిపోతుంటే ఒక ముసలావిడ కళ్ళు మూసుకుని, “అయ్యో దేవ్రే, కడుపులో తిప్పుతాండాది, దాన్ని కాసేపు ఆపమనండి,” అని గొడవ చేసింది. ఆకుల మీద ఎవరో నడిచారని హీరో భయపడితే ముందు వరుసలో నుంచి ఒకడు, “కుక్కరా అది, అదిలించు!” అన్నాడు. అందరూ నవ్వారు. తేజ తెర పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. చౌడేశ్వరి తెర మీద తన ఇంటిని చూస్తోంది. పూసిన బూడిదను ఏ గోడ దగ్గర ఎంతసేపు కడిగిందో తప్ప ఆమెకు వేరే ఏమీ తోచలేదు.

అప్పుడు టప్‌మని వినిపించింది.

హీరో ఊపిరి బిగబట్టి చీకట్లో నిలబడ్డాడు. గోడ అవతల నుంచి మళ్ళీ టప్. వెంటనే సన్నగా, ఇనుము మీద ఏవో రాలిన చప్పుడు. కాసేపు ఆగి మళ్ళీ టప్. ముందు వరుసల్లో ఈలలు ఆగిపోయాయి. ఎవరో పక్కవాడి చెయ్యి పట్టుకుని, “ఏమిరా అది? ఎముకలు ఇరుస్తాండాదా?” అని అడగడం హాలంతా వినపడింది. వెనక ఆడవాళ్ళలో మాత్రం గుసగుస మొదలైంది. “శెనక్కాయలు ఒలిచే చప్పుడు గదా ఇది?” అన్నది ఒకామె. “అదే గదా! తడి ఆరినాయి కాయలు,” అన్నది ఇంకొకామె. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని కిసకిసా నవ్వారు. ముందున్న మగవాళ్ళు వెనక్కి తిరిగి ‘ష్’ అన్నారు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు మధ్యనే తిని, పడుకుని, పెరిగినవాళ్ళు అది ఏమిటో తెలియక చెమటలు కక్కుతున్నారు.

తెర మీద హీరో వణికే గొంతుతో కేక వేశాడు. “ఇంట్లో ఎవురన్నా ఉండారా?”

టప్ టప్ ఆగిపోయింది. తెరంతా నల్లగా ఉంది. ఆ నలుపులో నుంచి ఒక ఆడగొంతు, తాపీగా, ఏ భావమూ లేకుండా జవాబిచ్చింది.

“ఎవురూ లేరు.”

మగవాళ్ళు బొబ్బలు పెట్టారు. ఒకడు కుర్చీ మీద నుంచి లేచి పక్కవాడి ఒళ్ళో పడ్డాడు. వీరేష్ రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని తల కిందకు వంచేశాడు. అరుపులు తగ్గాక, కోపంగా, ఎగతాళిగా, సంబరంగా, నోటికొచ్చినట్టు అందరూ ఒకేసారి మాట్లాడారు. వెనక ఆడవాళ్ళ వైపు మాత్రం నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఒక్కరూ అరవలేదు. ఆ మాట అనని ఆడమనిషి అక్కడ లేదు. షాజాదీ మెల్లగా తల తిప్పి చౌడేశ్వరి ముఖంలోకి చూసింది.

“చౌడీ, అది నీ గొంతే.”

ఆ మాట ఎప్పుడన్నదో చౌడేశ్వరికి గుర్తు లేదు. అనగానే మరచిపోయే మాట అది, తుమ్మును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కానీ దాన్ని నేర్చుకున్న రోజు గుర్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరో బోరు మోటారు సంగతి మాట్లాడడానికి వచ్చి, వసారాలో నిలబడి ఇంట్లో ఎవరన్నా ఉన్నారా అని కేక వేస్తే, ఆమె లోపలి నుంచి హుషారుగా, “ఉండాం, రాండి,” అన్నది. ఆ సాయంత్రం అత్త ముక్కున వేలేసుకుంది. “మొగోళ్ళు లేనప్పుడు ఉండామంటావా? సిగ్గుండల్ల! ఎవురూ లేరు అని చెప్పల్ల,” అన్నది. “నేనుండాను గదా అత్తా?” అని అడిగింది చౌడేశ్వరి, నిజంగానే అర్థం కాక. వీరేష్ పక్కనే అన్నం తింటూ నవ్వాడు. “నువ్వుంటే ఉన్నట్లేనా?” అన్నాడు. చెడ్డగా అనలేదు, సరసంగానే అన్నాడు. అప్పటి నుంచి కరెంటు బిల్లు మనిషికీ, విత్తనాల కంపెనీవాళ్ళకూ, ఓట్లకు వచ్చినవాళ్ళకూ, చందాలకు వచ్చినవాళ్ళకూ అదే జవాబు చెబుతోంది, పనిలో నుంచి తల ఎత్తకుండా. అడిగినవాళ్ళకు కూడా అందులో వింత ఏమీ కనిపించేది కాదు. లోపలి నుంచి ఒక గొంతు ఎవరూ లేరని చెబితే, నిజమే కాబోలని వెనక్కి తిరిగి పోయేవారు. ఇన్నేళ్ళలో ఒక్కడూ, మరి నువ్వెవరమ్మా అని అడగలేదు.

ఆట విడిచాక బయట ఫోన్లు, మైకులు పట్టుకుని పబ్లిక్ టాక్ తీసేవాళ్ళు గుమిగూడారు. “అన్నా, ఎట్లుండాది సినిమా?” “ఆ గొంతు రా సామీ! ప్యాంటు తడిసిపోయినాది!” “హీరో యాక్టింగు వద్దులే, గొంతుకే పోవచ్చు!” తేజ మైకు ముందుకొచ్చి, నుదుటి చెమట తుడుచుకుంటూ అసలు రహస్యం బయటపెట్టాడు. ఆ గొంతు వాళ్ళు పెట్టింది కాదు. సినిమా కూర్చే రోజుల్లో మొదటిసారి విని అందరూ జడుసుకున్నారు. ఎవరిదని ఎంత ఆరా తీసినా తేలలేదు. అతనికి మూడు రోజులు జ్వరం వచ్చింది, చేతికి తాయెత్తు కూడా కట్టించుకున్నాడు. మైకు పిల్లవాడి కళ్ళు పెద్దవయ్యాయి. “ఆ పొద్దు ఇంట్లో ఎవురెవురు ఉన్నారన్నా?” అని వీరేష్‌ను అడిగాడు.

“ఎవురూ లేరప్పా,” అన్నాడు వీరేష్, ఛాతీ విరుచుకుని. “మాయమ్మ పుట్టపర్తికి పోయింది. నేను షాపులో ఉండా. ఇంగ ఇంట్లో ఎవురుంటారు?”

చౌడేశ్వరి అతని పక్కనే, అతని హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉంది.

షాజాదీ మైకులోకి తల దూర్చి, “అది శెనక్కాయలు ఒలిచే చప్పుడప్పా, మాకేం భయం కాలే,” అన్నది. మైకు పిల్లవాడు నవ్వి, “సరేలేక్కా,” అని కెమెరా తిప్పేసుకున్నాడు. తర్వాత చౌడేశ్వరి వైపు వచ్చాడు. “అక్కా, నువ్వు చెప్పు, భయపడితివా?” ఆమె నోరు తెరిచేలోపు వీరేష్, “ఆమెకేం తెలుస్తాది సినిమాల గురించి,” అని హెల్మెట్ అందుకున్నాడు.

బండి వెనక కూర్చుని ఇంటికి వస్తూ ఆమె అతని వీపు చూస్తోంది. వీరేష్ మోటార్లు బాగుచేయడంలో మొనగాడు. దూరాన చేలో బోరు ఆడుతుంటే ఆ చప్పుడు విని, అది ఎవరి మోటారో, ఏ ఏడు తను వైండింగ్ చేశాడో, ఇంకెన్నాళ్ళకు కాలిపోతుందో చెప్పగలడు. ఆ చెవులకు చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. ఆ చెవుల పక్కనే ఇన్నేళ్ళుగా తను మాట్లాడుతోంది. అన్నం పెట్టేదా, నీళ్ళు కాగినాయి, పాప ఫోను చేసింది, దుడ్లు అయిపోయినాయి. ఇదంతా తలచుకున్నా ఆమెకు బాధ కలగలేదు. కలగాలి కదా అనుకుంది. కాలి వేలు రాయికి తగిలాక నొప్పి కోసం ఎదురుచూసినట్టు, దారి పొడుగునా ఎదురుచూసింది.

ఇంటికి వచ్చాక వీరేష్ మంచం మీద కూర్చుని ఫోనులో ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటున్నాడు. ఎవురన్నా ఉండారా. ఎవురూ లేరు. ఎవురన్నా ఉండారా. ఎవురూ లేరు.

“అన్నం సల్లారిపోతాంది, రా,” అన్నది చౌడేశ్వరి వంటింట్లో నుంచి.

“ఉండు,” అన్నాడతను. “ఈ గొంతు సూడు యట్లుండాదో. ఇంటే ఒళ్ళు జలదరిస్తాంది.”

“అన్నం సల్లారిపోతాంది,” అన్నది ఆమె మళ్ళీ. అతను మళ్ళీ నొక్కాడు. ఆ ఇంట్లో ఆమె గొంతు రెండు చోట్ల నుంచి వస్తోంది, అతను ఒకటే వింటున్నాడు. ఆమె గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చింది.

“అది నేనే.”

“ఏది?”

“ఆ గొంతు. ఆ పొద్దు నేను వెనక గదిలో కాయలు ఒలుస్తాంటి. ఆ పిల్లోడు కేకేస్తే, అలవాటు కొద్దీ అనేసినట్లుండా.”

వీరేష్ ముందు తెల్లబోయాడు, తర్వాత పగలబడి నవ్వాడు. “నీ గొంతు నాకు తెల్దా? ఇన్నేండ్లు ఇంటాండా. నీది కీచుగొంతు. ఇది సూడు ఎంత లోతుగా ఉండాదో!”

“నేనంటా, ఇను,” అన్నది ఆమె. అన్నది కూడా. కానీ పరీక్షకు నిలబడి అనేసరికి గొంతు వణికి, ఎవరిదో మాటలా బయటికొచ్చింది. “యాడన్నా పోలిక ఉండాదామ్మా?” అని వీరేష్ తల్లిని అడిగాడు. తిప్పమ్మ గుండెలు బాదుకుంది. “దయ్యం మాటలు నోటితో అంటారేమే, మతి పోయిందా? వెనక గదికి నిమ్మకాయలు కట్టింది ఎవురికోసరం?” ఆ గొంతు సంగతి తెలియగానే తిప్పమ్మ నిమ్మకాయలు, వేపమండలు కట్టిన ఆ వెనక గదిలోకి ఇంట్లో ఎవరూ అడుగు పెట్టడం లేదు, చౌడేశ్వరి తప్ప. విత్తనం మూటలు అందులోనే ఉన్నాయి. దయ్యం ఉన్న గదిలోకి కోడల్ని పంపడానికి తిప్పమ్మకు ఏ అభ్యంతరమూ లేదు.

వీరేష్ నవ్వు ఆపి గొంతు తగ్గించాడు. సినిమా కొనడానికి హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి వస్తున్నాడు. ఆ గొంతు నిజమైనదో కాదో ఇంటికొచ్చి చూస్తారట. నిజమైతేనే కొంటారట. “వాళ్ళ ముందర ఈ మాట అంటివా, తేజగాని బతుకు మీద మన్ను పోసినట్లే. వచ్చే పొద్దు నువ్వు షాజాదీ ఇంటికి పో. వాళ్ళు పోయినంక రా.”

తేజ కోసమే ఆమె నోరు కట్టేసుకుంది. మంచి పిల్లవాడు. ఆమె బొటనవేలు సంగతి అడిగింది ఈ ఇంట్లో అతనొక్కడే, “సినిమా అమ్ముడుపోనీ వదినా, నిన్ను అనంతపురంలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసకపోతా,” అని. కానీ ఆ మంచి పిల్లవాడు కూడా, ఆ రోజు ఇంట్లో ఎవరున్నారని ఆరా తీసినప్పుడు, ఆమె వండిన సంగటి తిని లేచిన చోటనే కూర్చుని, వదిన పేరు తలచలేదు. తలచి దాచిపెట్టి ఉంటే ఆమెకు కోపం వచ్చేది. అతనికి తట్టనే లేదు. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు, అందరూ నిజమనుకునే చెప్పారు. అంట్లు తోముతూ ఆ సంగతి తలచుకున్నప్పుడు, చాలా ఏళ్ళ తర్వాత, ఆమెకు ఎక్కడో చురుక్కుమంది. చెయ్యి చూసుకుంది. చేతికి ఏమీ కాలేదు.

కంపెనీ మనిషి వచ్చే ముందు రోజు వాన పడింది. పొద్దున్నే వీరేష్ రెండు మాటలు చెప్పాడు. “వాళ్ళు వచ్చే లోపల షాజాదీ ఇంటికి పో,” అన్నాడు. “సాయంత్రానికి విత్తనం కావల్ల, పదును పోతాది,” అని కూడా అన్నాడు. రెండూ ఎలా కుదురుతాయో అతను ఆలోచించలేదు, ఎప్పుడూ ఆమే కుదుర్చుకునేది. అతను, తేజ రోడ్డు దగ్గరికి కారుకు ఎదురుపోయారు. చౌడేశ్వరి కాఫీ కాచి ఫ్లాస్కులో పోసింది, గ్లాసులు కడిగి బోర్లించింది, షాజాదీ ఇంటికని చెప్పులు కూడా తొడుక్కుంది. వాకిట్లో కాసేపు నిలబడింది. మళ్ళీ చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నిమ్మకాయలు తప్పించుకుని వెనక గదిలోకి పోయి, కాయల ముందు కూర్చుంది.

కారులో నుంచి దిగింది ఒక ఆడమనిషి. పేరు కృపాకుమారి, సౌండ్ ఇంజనీరు. సార్ వస్తాడనుకున్న వీరేష్ చేతులు కట్టుకోవాలో నమస్కారం పెట్టాలో తేలక రెండూ చేశాడు. గోడ అవతల ఊళ్ళోవాళ్ళు అప్పటికే గుంపుగా చేరారు. ఆమె వసారాలో నిలబడి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది, కడ్డీకి బిగించిన మైకు తలుపులో నుంచి లోపలికి చాచింది.

“ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. లోపల ఎవరైనా ఉన్నారా?”

“ఎవురూ లేరు మేడం,” అన్నాడు వీరేష్. “ఇల్లంతా ఖాళీ.”

“అందరూ నిశ్శబ్దంగా ఉండండి. తేజా, ఆ డైలాగ్ నేనే అంటాను.”

వెనక గదిలో చౌడేశ్వరికి ఇదంతా వినబడుతోంది. చెయ్యి ఆగకుండా ఒలుస్తూనే ఉంది. బయట కృపాకుమారి హెడ్‌ఫోన్లను చెవులకు గట్టిగా నొక్కుకుని, వేలు పైకెత్తింది. టప్. తిప్పమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. టప్.

“ఇంట్లో ఎవరైనా ఉన్నారా?”

చెయ్యి ఆగింది. ఆ మాట అప్పుడే నాలుక మీదకు వచ్చేసింది, ఎన్నో ఏళ్ళుగా వచ్చినట్టే, పిలవకుండానే. అనేస్తే చాలు. అందరూ కేకలు పెడతారు, సినిమా అమ్ముడుపోతుంది, తేజ బాగుపడతాడు, ఆమె మళ్ళీ ఎప్పటిలాగా ఉండిపోవచ్చు. అసలేమీ అనకపోయినా నష్టం లేదు, మేడం కాఫీ తాగి పోతుంది, నిమ్మకాయలు ఎండిపోతాయి. ఆమె ఆ మాటను మింగేసింది. మింగడానికి కష్టమైంది. కష్టమైనట్టు ఆమెకు తెలిసింది.

“ఉండాను,” అన్నది చౌడేశ్వరి.

వీరేష్ వసారా మీద నుంచి ఒక మెట్టు వెనక్కి దిగిపోయాడు. తిప్పమ్మ ఊరి దేవత చౌడమ్మ తల్లిని తలచుకుంది. ఒలిచిన పప్పులున్న బేసిన్ నడుముకు ఆనించుకుని, వేపమండలు పక్కకు తోసుకుంటూ చౌడేశ్వరి బయటికి వచ్చింది. ఎండకు కళ్ళు చిట్లించి అందరినీ చూసింది. టాకీసులో అరిచినవాళ్ళంతా ఇప్పుడు గోడ మీద నుంచి తొంగిచూస్తున్నారు. తేజ ముఖం పాలిపోయి ఉంది. అతని వైపు చూసినప్పుడు మాత్రం ఆమెకు జాలి వేసింది, ఆగిపోవాలనిపించలేదు.

కృపాకుమారి హెడ్‌ఫోన్లు మెడ మీదికి లాక్కుంది. “ఇదే గొంతు,” అన్నది నెమ్మదిగా. వీరేష్ వైపు తిరిగింది. “ఎవరండీ ఈమె? ఎవరూ లేరన్నారు కదా?”

వీరేష్ పెళ్ళాం గొంతు విన్నాడో ఏమో, మొట్టమొదటిసారి ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

చౌడేశ్వరి మెట్టు దిగి అతని దగ్గరికి పోయి, నిండు బేసిన్‌ను అతని రెండు చేతుల్లో పెట్టింది. బరువుకు అతని చేతులు కొంచెం కిందికి దిగాయి.

“ఇంట్లో ఎవురూ లేకపోతే,” అన్నది, “ఇవి ఎవురు ఒలిచినారో మేడంకు చెప్పు.”